తాండ్ర కింద పలక

విజయవాడలోని కాలేజీ ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చేసరికి నేను పెరట్లో రసాలు పిండుతున్నాను. మోచేతుల దాకా గుజ్జే. మా ఆయన జయకర్ నాకూ వినపడాలని స్పీకర్ పెట్టాడు. రేపు జయకర్ చేసిన చెక్క పలక తెస్తే, అదెంత బరువు మోస్తుందో పరీక్ష చేస్తామన్నారు. ఆ సంతోషంలో నేను అతని చొక్కా పట్టుకున్నాను. తెల్ల చొక్కా.

మా వైపు కాపు తగ్గిన మామిడి చెట్లను కొట్టించి ఇటుక బట్టీలకు తోలేస్తారు. జయకర్ ఆ కలపను బద్దలుగా కోయించి, ఒక వరస నిలువుగా, దానిమీద వరస అడ్డంగా జిగురుతో అతికించి, మందపాటి పలక చేశాడు. ఇలాంటి పలకలతో విదేశాల్లో పది, పదిహేను అంతస్తులు కడుతున్నారు. సిమెంటు, ఇనుము బాగా తగ్గుతాయి. అయితే అక్కడి చెట్లు వేరు. మామిడి నిలుస్తుందో లేదో మాకు చెప్పేవాళ్లు లేరు. మావయ్య ఇన్నయ్యగారు మా పాత తోటను బట్టీవాళ్లకు ఇస్తానని మాటిచ్చేశారు. సోమవారం రంపాలు వస్తాయి. పలక పరీక్షలో నెగ్గితేనే ఆ కలప బట్టీకి పోకుండా ఆపుతానన్నారు.

తీరా చూస్తే షెడ్డులో పలక లేదు.

డాబా మీద ఉంది, అత్తయ్య పోసిన తాండ్ర కింద. పోసే చెయ్యి మారితే పొర సమంగా రాదని ఆవిడ నన్ను పైకి రానివ్వదు. రోజుకో పొర చొప్పున నాలుగు రోజులుగా పోస్తోందట.

"చాప మీదైతే గీతలు పడుతున్నాయిరా. నున్నటి బల్ల ఖాళీగా ఉందని వేశా," అంది.

"అది బల్ల కాదమ్మా, మేడ."

"మేడైతే తాండ్ర మొయ్యదా?"

నాకు నవ్వాగలేదు. జయకర్ నవ్వలేదు.

అడుగున నెయ్యి రాసింది కాబట్టి తాండ్ర చుట్టలా లేచొచ్చింది. అతను ప్రతి అతుకునూ గోటితో తడిమాడు. ఎండకు ఒక అంచున జిగురు విడిపోయింది. మిగతా అతుకుల్లో గోరు దూరలేదు. ల్యాబ్‌కి ఫోన్ చేస్తే, ఆ అంచు కోసేసి తెమ్మన్నారు, వెడల్పు తగ్గినా పొడవు ఉంటే చాలన్నారు.

అక్కడ ఏం చేస్తారని అత్తయ్య అడిగింది. విరిగేదాకా బరువు పెడతారని చెప్పాను.

"విరగ్గొట్టడానికా నా తాండ్ర లేపించారు?"

మా వెనకే డాబా ఎక్కొచ్చిన మావయ్య పలక అంచు మీద బొటనవేలు నొక్కి చూశారు.

"పొద్దున్నే ఆగిరిపల్లి మీదుగా పోదాం. ట్రాలీ ఆటోకి చెప్తా. మీరిద్దరూ వెనక పలక పట్టుకుని కూర్చోండి, నేను డ్రైవరు పక్కన కూర్చుంటా. అదెంత మోస్తుందో నేనే చూసి, అక్కణ్ణుంచే బట్టీవాళ్లకు ఫోన్ చేస్తా," అన్నారు.