చాపంత చోటు

మైదానం కాపరి పొద్దున్నే చేసే మొదటి పని గీతలకు సున్నం వేయడం. రెండోది గొట్టంతో గడ్డికి నీళ్లు పట్టడం. మూడోది ఎవరూ చెప్పని పని. ఎడమవైపు గోలుకు పదడుగుల దూరంలో చాపంత చోటుంది. గొట్టం నీళ్లు అక్కడికీ అందుతాయి. అయినా చెంబుతో తెచ్చి మళ్లీ పోస్తాడు.

నిరుడు ఎండల్లో సాధన చేస్తూ ఆయన పెద్దకూతురు పడిపోయింది అక్కడే. మూడుసార్లు నీళ్లడిగిందట. "ఈ రౌండు కానీ" అన్నాడట కోచ్. ఆ పిల్ల మళ్లీ లేవలేదు. ఆనాటి నుంచి ఆయనకు ఆకలిదప్పులు తెలియడం లేదు. భార్య గ్లాసు చేతికిస్తే తాగుతాడు, ఇవ్వకపోతే లేదు. గుండె రాయి చేసుకున్నాడన్నారు అందరూ. ఆయన చేసుకున్నదేమీ లేదు. అదే అయింది.

ఆ మైదానంలో జాతీయగీతం మొదలవగానే గడ్డి లేచి నిలబడుతుంది. ఆయన తండ్రి కాలం నుంచీ అంతే. గీతం అయ్యాక పడుకుంటుంది. రోలరు నడిపే బావమరిది ఒక్కడే విసుక్కుంటాడు, "పొద్దుటి నుంచీ నేను చదును చేసిందంతా ఒక్క నిమిషంలో మంట కలిపేస్తుంది బావా!" అని.

నిరుటి నుంచి ఆ చాపంత చోట మాత్రం గడ్డి లేవడం లేదు.

చిన్నకూతురిదీ అదే ఫుట్‌బాల్ జట్టు. సాధనలో గంటకోసారి మంచినీళ్లకు ఆపమని క్లబ్బు కార్యదర్శికి కాగితం రాసిచ్చింది. జవాబు లేదు. మూడు పోటీల నుంచి, గీతం మొదలవగానే వెళ్లి ఆ చోట మోకాలి మీద కూర్చుంటోంది. తల వంచుకుని, గీతం మాత్రం పాడుతూనే.

కార్యదర్శి ఆయన్ని పిలిపించాడు.

"గడ్డికి కూడా మర్యాద తెలుసయ్యా. నీ కూతురికి మోకాళ్లరిగిపోయాయా? రేపటి పోటీలో గీతమప్పుడు ఆ పిల్ల చోట ఎవరూ నిలబడలేదని రిఫరీ రాశాడా, జట్టులోంచి పేరు కొట్టేస్తాను."

"చెప్తానండి" అన్నాడాయన.

సాయంత్రం జెండా ఇస్త్రీ చేస్తూ చెప్పాడు. ముప్పై ఏళ్లుగా ఆ జెండాను కళ్లకద్దుకోకుండా తాడుకు కట్టింది లేదు.

"నువ్వలా కూర్చుంటే ఇది ఎత్తడానికి నాకు చెయ్యి రావడం లేదమ్మా."

"దాని మీద నాకు కోపమెందుకు నాన్నా? నేను నిలబడితే అక్క పడ్డ చోటు ఎవరికీ కనిపించడం లేదు."

"పేరు కొట్టేస్తారట."

"కొట్టనీ."

వంటింట్లోంచి తల్లి అందుకుంది. "దానికా మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో, రోజూ చెంబు మోసుకెళ్లేవాళ్లని అడగండి."

ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, జెండా మడత పెట్టాడు.

మర్నాడు నాలుగింటికి జెండా ఎక్కింది. గీతం మొదలైంది. చిన్నది వెళ్లి తన చోట కూర్చుంది. మైదానమంతా గడ్డి లేచింది. కాసేపటికి, ఏడాదిగా చెంబునీళ్లు తాగిన ఆ చోటు కూడా కదిలింది. గడ్డి మోకాళ్లదాకా వచ్చింది, నడుందాకా వచ్చింది, సరిగ్గా పెద్దదాని ఎత్తుకు వచ్చి ఆగింది. చెల్లెలి పక్కన నిలబడింది.

"ఈసారి పచ్చగా ఉంది" అన్నారెవరో గ్యాలరీలో.

రిఫరీ రిజిస్టరు తీసి రాశాడు: 'ఆ అమ్మాయి చోట నిలబడి ఉన్నారు.' సంతకానికి కార్యదర్శి ముందు పెట్టాడు. గడ్డికి మర్యాద తెలుసన్నది తనే కదా. కార్యదర్శి సంతకం చేశాడు.

గీతం అయిపోయింది. అంతటా గడ్డి పడుకుంది, ఆ చోట తప్ప. బావమరిది రోలరు తోసుకొచ్చాడు. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"తొక్కకురా."

ఆట మొదలుకాలేదు. అందరూ కోచ్ వైపు చూశారు. కోచ్ ఎవరి మొహమూ చూడకుండా నీళ్ల క్యాను ఎత్తుకుని, ఒక్కొక్క పిల్లకూ గ్లాసు నింపి ఇచ్చుకుంటూ వచ్చాడు. చివరి గ్లాసు చిన్నది తాగాక, గడ్డి నెమ్మదిగా ఒరిగింది.

రిజిస్టరులో తన సంతకం కింద కార్యదర్శి ఇంకో వాక్యం రాశాడు: 'గంటకోసారి మంచినీళ్లు.'

జెండా తాడు పట్టుకుని నిలబడ్డ ఆయనకు నాలుక పిడచగట్టుకుపోయినట్టు తెలిసింది.

"అమ్మాయీ, నాక్కూడా కాసిని పొయ్యి" అన్నాడు.