రెండు సెకన్ల సందు

లక్ష్మీప్రసన్న ముందు పెట్టిన నివేదిక పదకొండు పేజీలు ఉంది. మొదటి పదింటిలో ఆమె అభ్యంతరం చెప్పదగినది ఏదీ లేదు. పదకొండో పేజీ చివర మాత్రం రెండు వాక్యాలున్నాయి. పరికరంలో లోపం లేదని ఒకటి, ప్రమాదం వినియోగదారుడి అజాగ్రత్త వల్ల జరిగిందని మరొకటి. వాటి కింద ఆమె పేరు, పేరు కింద సంతకానికి ఖాళీ.

ఆ వినియోగదారుడికి ఒక పేరుంది, ఎర్రన్న. జమ్మలమడుగు దగ్గరి పల్లెలో గొర్రెలు మేపుకుంటూ, మూడెకరాల్లో చీనీ, అంటే బత్తాయి చెట్లు పెట్టుకున్న మనిషి. ఆరు వారాల కిందట బోరు మోటారు వైరుకు అతుకు వేస్తుండగా కరెంటు కొట్టి అతని కుడి చేయి మణికట్టు దాకా పోయింది.

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వీధి వెనక, ఒక మేడ మీద మూడు గదుల్లో నడిచే ప్రసన్న వాళ్ల సంస్థ తయారుచేసేది ఒకే వస్తువు: బోరు మోటారుకు బిగించే ఆటో స్టార్టరు. దాని లోపల సిమ్ కార్డు ఉంటుంది. రైతు ఎక్కడినుంచైనా ఒక మిస్‌డ్ కాల్ ఇస్తే మోటారు తిరుగుతుంది, మరొకటి ఇస్తే ఆగుతుంది. కరెంటు పోయి వస్తే, పోయేముందు తాను ఏ స్థితిలో ఉన్నదో గుర్తు తెచ్చుకుని అదే స్థితికి వస్తుంది. పల్లెల్లో దాన్ని డబ్బా అంటారు. డబ్బా లోపలి చిప్‌కు ప్రోగ్రాము రాసేవారు వేరే ఉన్నారు. ఆ ప్రోగ్రాము తప్పు చేయదని రుజువు చేయడం ప్రసన్న ఉద్యోగం.

రుజువు అనే మాటను ఆమె తేలికగా వాడే మనిషి కాదు. బల్ల మీద వెయ్యి సార్లు పరీక్షించడమంటే మనకు తోచిన ప్రశ్నలు వెయ్యి అడగడమే. ఆమె వాడే తనిఖీ సాఫ్ట్‌వేరు మనకు తోచనివి కూడా అడుగుతుంది. ప్రోగ్రాము నడవగల ప్రతి దారినీ తాను నడిచి చూసి, చెడు జరిగే దారి ఒక్కటి ఉన్నా అడుగడుగూ రాసి ముందు పెడుతుంది. దానికి ఉన్న బలహీనత ఒక్కటే. మనం ఏ షరతు రాసి ఇచ్చినా ఎదురు ప్రశ్న వేయకుండా నమ్ముతుంది.

ఎనిమిది నెలల కిందట అది ఒక దారి చూపించింది. రైతు ఆపమంటాడు, డబ్బా మోటారును వెంటనే ఆపుతుంది, ఆగిందని రైతుకు సందేశం కూడా పంపుతుంది. అయితే ఆపిన సంగతిని శాశ్వత మెమరీలో వెంటనే రాసుకోదు. మాటిమాటికీ రాస్తే ఆ మెమరీ త్వరగా అరిగిపోతుందని, రెండు సెకన్లకు ఒకసారి మాత్రమే రాసే ఏర్పాటు చేశారు. ఆ సందులో కరెంటు పోతే ఆపిన సంగతి దానికి గుర్తుండదు. కరెంటు రాగానే పాత స్థితి చదువుకుని, ఆపిన మోటారును మళ్లీ తిప్పుతుంది.

సంస్థ యజమాని వేదవ్యాస అప్పుడు నవ్వాడు. ఒక దినానికి ఎనభై ఆరు వేల నాలుగు వందల సెకన్లు, అందులో సరిగ్గా ఆ రెండింటిలోనే కరెంటు పోవాలంటే ఎంత దురదృష్టం కావాలని అడిగాడు. ఆ దారిని లెక్కలోంచి తీసేసే షరతు ఒకటి రాయమన్నాడు. ఆమె రాసింది. తనిఖీ సాఫ్ట్‌వేరు ఆ షరతును నమ్మి, తప్పు లేదన్నది. ప్రసన్న సంతకం చేసింది.

ఇంజనీరింగు కాలేజీలో ఆయన ఆమెకు పాఠం చెప్పినవాడు. ఊరు విడిచి పోలేని పిల్లకు పిలిచి ఉద్యోగం ఇచ్చినవాడు. పురోహితుల ఇంట్లో గురువు మాట ఎలా వినాలని నేర్పుతారో, ఆమె పదిహేనేళ్లు ఆయన మాట అలాగే విన్నది.

నివేదికను గురువారం పులివెందుల రైతు సంఘంలో చదవాలి. జమ్మలమడుగు వైపు పల్లెల్లో మచ్చుకు పెట్టిన అరవై డబ్బాలు సవ్యంగా ఉన్నాయంటే ఆ సంఘం మరో ఆరు వందలు తీసుకుంటుంది. ఎర్రన్న ఫిర్యాదు ఆ సంఘం దగ్గరే ఉంది. రెండు రోజుల గడువు కావాలని ప్రసన్న అడిగింది. సంతకానికి గడువెందుకని ఆయన అడిగితే, ఆ డబ్బా చూసి వస్తానని మాత్రం చెప్పి, సర్క్యూట్ బోర్డులు అతికే హబీబుల్లాను వెంటబెట్టుకుని జమ్మలమడుగు బస్సు ఎక్కింది.

ఎర్రన్న భార్య నాగులమ్మ గొర్రెల దొడ్డి ఊడుస్తూ వారిని చూసింది. చీపురు కింద పెట్టలేదు.

“చెయ్యి చూసిపోను వచ్చినారా, ఇంగొక కాగితం మీద ఏలిముద్ర ఏయించుకోను వచ్చినారా? కుడిచేతి ఏలైతే లేదు, ముందే చెప్తాండా.”

హబీబుల్లా తల వంచుకున్నాడు. తెలుసుకోవడానికి వచ్చామని ప్రసన్న చెప్పింది. ఇన్ని రోజులకు ఆ మాట అన్నవారు వీరే మొదలని నాగులమ్మ అని, మంచం వాల్చి, మజ్జిగ తెచ్చింది.

ఎర్రన్న ఎడమ చేత్తో ఫోను తీసి చూపించాడు. మోటారు ఆగిందన్న సందేశం అందులో ఉంది. మధ్యాహ్నం ఒంటిగంట యాభై తొమ్మిది. కరెంటు పొద్దున అయిదుకు వస్తుందని, సరిగ్గా రెండుకు పోతుందని, ఆ రోజూ పోయిందని చెప్పాడు. మోటారు ఆపింది, కరెంటూ లేదు. డబ్బాకు అవతలి వైరును గొర్రెలు తొక్కి చెడగొట్టినచోట అతుకు వేయడానికి కూర్చున్నాడు. అర్ధగంటకు, ఎవరూ అనుకోకుండా, కరెంటు వచ్చింది.

“రెండుకు ఎట్లాగూ పోతుంది కదా, ఒక్క నిమిషం ముందు ఆపడం ఎందుకు?” అని ప్రసన్న అడిగింది.

అన్నం ఎందుకు తింటావని అడిగినట్లు చూశాడు ఎర్రన్న. “నీళ్లు వస్తాంటే ఎవురు ముందే ఆపుకుంటారు మేడమ్? అట్లని ఆపకుండా ఇడిస్తే, కరెంటొచ్చినప్పుడు దానంతటది తిరిగి చెట్ల కింద మడుగు కడతాది. అందుకే పోతాదనంగా ఆపుతాం.”

“మీరొక్కరేనా?”

“ఊరంతా అంతే,” అన్నది నాగులమ్మ. “రెండు కావస్తాంటే ప్రెతివోని చేతిలో ఫోనే. పెండ్లి ముహూర్తానికి అచ్చింతలు పట్టుకోని నిలబడినట్ల.”

మజ్జిగ గ్లాసు ప్రసన్న చేతిలో అలాగే ఉండిపోయింది. దురదృష్టం కాదది. వేదవ్యాస సారు దినంలోని ఎనభై ఆరు వేల సెకన్లకూ సమానంగా చల్లిన ఆ ప్రమాదాన్ని, ఇక్కడి మనుషులు కడపటి చుక్క కోసం ప్రతి దినమూ ఒకే నిమిషంలోకి, ఆ నిమిషం కొసకు తోసుకుంటున్నారు. రైతును ఒక్క మాట అడిగి ఉంటే తెలిసేది. సారూ తానూ, ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

ఫ్యూజులు పీకి ఉండవచ్చు కదా అని హబీబుల్లా మెల్లగా అన్నాడు.

“ఫీజులు పీకే పని ఉండదనే గదప్పా డబ్బా పెట్టిచ్చుకున్నది,” అన్నాడు ఎర్రన్న. “మీ కాగితంలోనే బొమ్మేసింటిరి, మంచం మీద పండుకోని మోటారు ఆపేటోని బొమ్మ.” ఫోను పక్కన పెట్టాడు. “చెయ్యి పోయింది, పోయింది. ఆపి మరిచిపోయి రెండోతూరి కాల్ కొట్టుకున్నోడని ఊర్లో నన్ను చూసి నగుతాండారు. ఆ మాట పోవల్ల నాకు.”

మరునాటి పొద్దున ప్రసన్న షరతు వరుసను చెరిపి తనిఖీ నడిపించింది. ముప్పావు గంటలో సాఫ్ట్‌వేరు పద్నాలుగు అడుగుల దారి రాసి ముందు పెట్టింది. పద్నాలుగో అడుగు: మోటారు తిరుగుతున్నది.

కాగితం మీది దారిని హబీబుల్లా బల్ల మీద నడిపి చూస్తానన్నాడు. అప్పుడు ఇద్దరికీ ఒక సంగతి తట్టింది. ఆఫీసులో ఆ బల్లకు ఇన్వర్టరు కలిపి ఉంది. వీధిలో కరెంటు పోయినా బల్ల మీద పోదు. ఇన్నేళ్లూ వెయ్యేసి సార్లు చేసిన పరీక్షలన్నీ ఎన్నడూ పోని కరెంటు మీద చేసినవే. హబీబుల్లా ఇన్వర్టరు వైరు ఊడదీసి, మోటారుకు బదులు ఒక బల్బు పెట్టి, ఆపమని ఆదేశమిచ్చిన మరుక్షణం ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాడు. అలా పది సార్లు.

“ఆరు తూర్లు ఎలిగింది,” అన్నాడు. ప్లగ్గు కింద పెట్టి, “ఆరు చేతులు,” అన్నాడు.

వేదవ్యాస ఆ పద్నాలుగు అడుగులూ చదివాడు. ఆయన మూర్ఖుడు కాడు. చదువుతుండగానే ముఖం మారింది. కాని కాగితం బోర్లా పెట్టి, శాంతంగా ఒక దారి చెప్పాడు. ప్రోగ్రామును ఈ రోజే దిద్దిద్దాం. కరెంటు వచ్చాక మోటారు దానంతటది తిరగకుండా చేద్దాం. మచ్చుకు పెట్టిన అరవై డబ్బాలను సర్వీసు పేరుతో నెల లోపల మార్చేద్దాం. ఇకమీదట ఎవరికీ ఏమీ కాదు. ఆ రెండు వాక్యాలు మాత్రం అలాగే ఉంటాయి, ఎందుకంటే అవి మారితే సంస్థ ఉండదు.

“ఎర్రన్న సంగతి, సార్?”

“చేయి తిరిగి రాదు కదమ్మా. ఒకరి కోసం పాతికమంది కూడు పోగొడతావా? షరతు లేని తనిఖీ ప్రపంచంలో యాడా లేదు. నేనే కదా నీకు చెప్పింది.”

“మీరు చెప్పిన పాఠమే సార్. షరతు రాస్తే అది నిజమో కాదో విచారించి రాయాలన్నారు. ఆ సగం మనిద్దరమూ మరిచిపోయినాం. ఆయన చేసిన తప్పు ఏమిటో చెప్పండి, సంతకం పెడతాను.”

ఆయన నివేదికను చేతిలోకి తీసుకున్నాడు. సంతకం లేకపోయినా నివేదిక వెళుతుందని, తానే పెడతానని మాత్రం అన్నాడు. ఆమె ఇక పులివెందులకు రానవసరం లేదన్నాడు.

ఆమె వెళ్లింది.

సంఘం హాల్లో వంద మందికి పైగా ఉన్నారు. డబ్బాను మెచ్చుకోవడానికని సంస్థ వ్యానులో తెచ్చిన జమ్మలమడుగు రైతులు ముందు వరుసల్లో, ఎవరూ పిలవకుండా బస్సులో వచ్చిన ఎర్రన్న, నాగులమ్మ చివరి వరుసలో. సంఘం అధ్యక్షురాలు భువనేశ్వరి నివేదిక చదివించింది. వినియోగదారుడి అజాగ్రత్త అన్నచోట ఎర్రన్న నేల చూశాడు. అప్పుడు ప్రసన్న లేచి, ఆ నివేదిక వెనుక ఇంకొక కాగితం ఉన్నదని, అది తాను రాసినదని చెప్పి, అందులోంచి ఒక్క వరుస చదివింది.

“ఆపమన్న ఆదేశం అందిన తరువాత రెండు సెకన్ల వరకు కరెంటు పోదు.”

మధ్య వరుసలోంచి ఎవరో, మళ్లొకతూరి చదవమన్నారు. ఆమె చదివింది.

“ఎవురమ్మా మీకు ఆ మాటిచ్చింది, లైన్‌మనా?”

హాలంతా నవ్వింది. ఆ నవ్వును ప్రసన్న ఆపలేదు, తల కూడా దించుకోలేదు. అది తనకు రావలసిందేనని నిలబడింది. నవ్వు దానంతటది చల్లబడింది, నవ్వని ఇద్దరు చివరి వరుసలో కూర్చుని ఉన్నారు గనుక.

“ఎవరూ ఇవ్వలేదు,” అన్నది ప్రసన్న. “మీలో ఒక్కరిని కూడా అడగకుండా నేనే రాసుకున్నాను. దాన్ని నమ్మి డబ్బాలో తప్పు లేదని సంతకం చేశాను. ఎర్రన్న రెండోసారి కాల్ చేయలేదు. ఆయన ఆపిన మోటారును డబ్బా తిప్పింది. ఇవి అది తప్పిన పద్నాలుగు అడుగులు.”

కాగితాలు భువనేశ్వరి చేతికిచ్చింది. వేదవ్యాస లేచి, ఉద్యోగిని కొంత ఆవేశంలో ఉన్నారని, ఆమె చెప్పే చిన్న విషయాన్ని నిన్ననే దిద్దించామని సభకు మనవి చేశాడు.

భువనేశ్వరి కళ్లజోడు సవరించుకుంది. “దిద్దినారు, శానా మంచిది. దిద్దినారంటే తప్పు ఉండినట్లే గదా సార్? మరి లేదని ఈ పొద్దు సంతకం ఎట్ల పెట్టి తెచ్చినారు?”

ఆయన ప్రసన్న వైపు తిరిగి, రేపటి నుంచి ఆఫీసుకు రావద్దని, ఆమెకు మాత్రమే వినబడేలా అన్నాడు.

“ఉద్యోగం మీరిచ్చింది సార్, తీసుకోండి,” అన్నది ఆమె, అందరికీ వినబడేలా. “సంతకం నాది.”

తరువాత గోడ గడియారం వైపు చూపించింది. ఒకటీ నలభై. దిద్దిన ప్రోగ్రాము ఇంకా ఒక్క డబ్బాలోకీ ఎక్కలేదని, ఇరవై నిమిషాల్లో అరవై పొలాల దగ్గర అరవై మంది ఫోను పట్టుకుంటారని చెప్పింది. ఆపిన తరువాత ఫ్యూజులు పీకనిదే ఎవరూ వైరు ముట్టకూడదు. డబ్బాలు విప్పి తెచ్చేదాకా ప్రతి దినమూ అంతే.

ముందు వరుసల్లోని రైతులు కుర్చీలు జరుపుకుంటూ లేచారు. ఒకరు కొడుకుకు, ఒకరు పక్క చేను మనిషికి, అందరూ ఒకేసారి గొంతు పెంచి ఫోన్లు చేశారు. వ్యానులో ఎవరితో కలిసి వచ్చామో, దేన్ని మెచ్చుకోవలసి ఉందో ఎవరికీ పట్టలేదు. వేదవ్యాస ఆ గోల మధ్య తన నివేదిక తీసుకోబోతే, భువనేశ్వరి దాని మీద చేయి పెట్టి, ఇది సంఘంలో ఉండవలసిన కాగితమని చెప్పింది.

ఎర్రన్న ఎడమ చేత్తో నంబరు నొక్కడం ఇంకా అలవాటు కాక తడబడుతుంటే, నాగులమ్మ నొక్కి అతని చెవి దగ్గర పెట్టింది. ఊర్లో చిన్నాయన కొడుకు ఎత్తినట్లున్నాడు. ఫ్యూజులు పీకమని ఎర్రన్న చెప్పాడు. అవతల ఏదో ప్రశ్న, ఏదో నవ్వు. ఎర్రన్న వీపు నిలబెట్టాడు.

“నగేది ఆపి ఇను. ఊరంతా తిరిగి ఇదే మాట చెప్పు. ఎవురు చెప్పినారని అడిగితే, నా పేరు చెప్పు.”