కొళాయి నీళ్లకు గీటురాయి

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో ఆదినారాయణ కొట్టు తెరిచేది ఎనిమిదింటికి. అప్పటికే మెట్ల మీద నలుగురైదుగురు కూర్చుని ఉంటారు. వాళ్లలో బంగారం తెచ్చేది ఒకరో ఇద్దరో. ఒకామె చెంబులో పాలు తెస్తుంది, ఒకాయన కాబోయే అల్లుడి జీతం చీటీ తెస్తాడు. ఆదినారాయణ తాతల నాటి గీటురాయి మీద ఏది రుద్దినా దాని నిజం గీతగా పడుతుంది. నీళ్లు కలిపిన పాలకు పల్చటి గీత, అల్లుడి జీతానికి సగం గీత. ఎన్నికలప్పుడు ఎవరో కరపత్రం రుద్దితే అసలు గీతే పడలేదు. ఎవరూ ఆశ్చర్యపోలేదు, తెలిసిందే కదా! ఆ కొట్టుకు అన్నం పెట్టేది ఆ రాయే.

కొట్టు పైన అద్దెకుండేది కొళాయిల పని చేసే లాల్ బాషా. ముప్పై ఏళ్ల కింద ఆ మేడకు పైపులు వేసిందీ ఆయనే. అల్లుడు కువైట్‌లో ఉంటే కూతురు ఆర్షియా, నాలుగేళ్ల మనవరాలు జువేరియా ఆయన దగ్గరే ఉంటున్నారు. జువేరియా రోజూ కిందికి దిగి, కొట్లో పనిముట్లను వేలుపెట్టి చూపిస్తూ పేర్లు చెప్పేది. "పటకారు, సుత్తి, మూస, త్రాసు!" అన్నీ చెప్తే ఆదినారాయణ బెల్లం ముక్క పెట్టేవాడు.

ఈ మధ్య ఆ పిల్ల ఒక్కో పేరే మరిచిపోతోంది. మొదట మూస పోయింది, తర్వాత త్రాసు. కడుపునొప్పని ముడుచుకుని పడుకుంటోంది. కడపలో డాక్టరు రక్తం పరీక్ష చేయించి, ఒంట్లో సీసం చేరింది, ఇంట్లో తాగే నీళ్లు పరీక్ష చేయించండి అన్నాడు.

లాల్ బాషాకు తల కొట్టేసినట్టయింది.

"నా పైపుల్లో ఏమొస్తాది? జాయింటు జాయింటుకూ సీసం కరగబోసి అతికించినా. ముప్పై ఏండ్లాయ, ఒక్క సుక్క కారిందేమో సూపియ్‌మను!" అని వీధంతా వినేట్టు అరిచాడు. సీసమన్నది తన నోటనే వచ్చిందని కూడా తోచలేదు. కాకిపిల్ల కాకికి ముద్దు.

నీళ్లు పరీక్ష చేసే ప్రత్యూష ముందురోజే వచ్చి చెప్పిపోయింది. "రాత్రి పడుకున్నాక ఎవరూ కొళాయి తిప్పొద్దక్కా. రాత్రంతా పైపులో నిలబడిన నీళ్లే నాకు కావాల."

ఆర్షియా తలూపింది. కానీ తెల్లవారేసరికి మనసొప్పలేదు. చదువుకున్న పిల్ల ఇంటికొస్తుంటే నిలవ నీళ్లు పోస్తారా ఎవరైనా? చింతపండుతో కొళాయి తళతళా తోమింది. రెండు బిందెలు పారబోసి, చల్లటి నీళ్లు వచ్చాక కట్టేసింది.

"ఇంకా ఎవరూ పట్టుకోలేదు కదక్కా?" అంది ప్రత్యూష సీసా మూత తీస్తూ.

"నీకంటే ముందు ఎవురమ్మా తాగేది?" అంది ఆర్షియా నిండు మనసుతో.

వారానికి కాగితం వచ్చింది. సీసం లేదు. లాల్ బాషా జిలేబీలు కొని, మనవరాలిని చంకనేసుకుని కొట్లోకి వచ్చాడు.

"సూడు మామా, నా పనికి సర్టిఫికేటు!"

ఆయన కాగితం విప్పుతుండగానే, నోట్లో పెట్టుకున్న బొటనవేలు తీసి జువేరియా గీటురాయి మీద రాసింది. బూడిదరంగు గీత పడింది. ఆదినారాయణ నూనెగుడ్డతో తుడిచాడు. పోలేదు.

ఆ వీధిలో గీటురాయితో వాదించినవాడు లేడు. జిలేబీ పొట్లం లాల్ బాషా చేతిలో అట్లాగే ఉండిపోయింది.

"ఆర్షియా! ఆ పొద్దు ముందే కొళాయి తిప్పినావా?" అని కేకేశాడు.

"పాచినీళ్లు ఎట్లిస్తాం అబ్బా? రెండు బిందెలు పారబోసినా" అంది ఆమె పైనుంచి.

మర్నాడు ప్రత్యూష అందరికంటే ముందొచ్చి, నిలిచిన నీళ్లే పట్టుకుపోయింది. ఫలితం కోసం లాల్ బాషా ఆగలేదు. అతికించిన చేతులతోనే రంపం పట్టి ఒక్కో జాయింటూ కోశాడు. కోసిన ప్రతిచోటా ఏడ్చాడు. కొత్త పైపులు బిగించాక వచ్చింది రెండో కాగితం. ఉండదగ్గ దానికి ఏడింతల సీసం.

"నీళ్లు మార్చినారు, మంచిదే. మందులిస్తా గానీ, ఒంట్లో చేరిన సీసం పోయేదానికి శానా దినాలు పడతాది. మరిచిపోయినవి మళ్లా వస్తాయో లేదో చెప్పలేను" అన్నాడు డాక్టరు.

అది విని ఆదినారాయణ, "శుక్రవారం శుక్రవారం పాపను నా దగ్గరికి పంపు బాషా" అన్నాడు.

ప్రతి శుక్రవారం జువేరియా బొటనవేలు తడిచేసి రాయి మీద రాసేది. గీత వారం వారం సన్నబడుతూ వచ్చింది. పిల్ల అన్నం అడిగి తినసాగింది. పద్దెనిమిదో వారం గీత పడలేదు. ఆ నెల రక్తం చూసి డాక్టరు ఇంక మందులు చాలన్నాడు.

ఆ మర్నాడే జమ్మలమడుగు నుంచి ఒకామె గొలుసు తెచ్చింది. లాల్ బాషా అప్పుడు కొట్లో కొళాయి బిగిస్తున్నాడు. ఆదినారాయణ గొలుసు రుద్దాడు, ఏమీ పడలేదు. తన ఉంగరం రుద్దాడు, అదీ పడలేదు. ఎదురంగట్లో మిషనుందమ్మా అని ఆమెను పంపేశాడు.

లాల్ బాషా వచ్చి రాయిని ఎత్తబోయాడు. సీసం దిమ్మలా బరువెక్కి ఒక చేతికి లేవలేదు.

"మామా! నీ రాయి..."

"బంగారానికి మిషన్లొచ్చినాయిలే బాషా. పిల్లోళ్లకు యాడుండాయి?"

"ఇట్లయితాదని నీకు తెల్దా?"

"మూడో శుక్రవారమే తెలిసింది" అన్నాడు ఆదినారాయణ.

లాల్ బాషా ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. అంతలో జువేరియా మెట్లు దిగి వచ్చి, వాళ్లిద్దరినీ పట్టించుకోకుండా బల్ల ముందు నిలబడి వేలు చాపింది.

"పటకారు. సుత్తి. మూస. త్రాసు."

ఆదినారాయణ బెల్లం డబ్బా మూత తీశాడు.