పన్నెండుకు పైన

ఎడమకాలు ఎనిమిదో మెట్టు మీదే ఉంచి, కుడికాలు తొమ్మిదో మెట్టు మీదికి దించి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, నది నీళ్లకేసి వంగాడు ముసలాయన. ఉదయం ఆరు గంటలు. గట్టు గోడకు బిగించిన తెల్లటి స్కేలు మీద నల్లటి అంకెలు. అల వచ్చి ఐదును తడిపి పోయింది. మూడు అలలు పోనిచ్చి, నీరు నిలిచిన చోటు చూడాలి. అదీ పద్ధతి. మొదటి అలకే రాసుకునేవాడు నీటిమట్టం చూసే మనిషి కాడు, గాలికబుర్ల మనిషి. చెవి వెనక నుంచి పెన్సిలు తీసి పుస్తకంలో ఐదు వేశాడు.

ముప్పయ్యొక్క ఏళ్లుగా ఇదే పని. ఉదయం ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు. పుస్తకాలు పుస్తకాలే నిండాయి, ఒక్క కొట్టివేత లేదు. పెళ్లాం పోయిన రోజు కూడా ఆరు గంటల అంకె వేసి వచ్చి, ఆ తర్వాతే ఏడ్చాడు. అది ఆయన గొప్ప. జనం దాన్ని గొప్ప అనరు లెండి, రాతిగుండె అంటారు.

గట్టెక్కి తన ఆఫీసు గది దగ్గరికి వచ్చేసరికి గోడ మీద ఎర్రరంగు అక్షరాలు కనిపించాయి. "పన్నెండు తాతా, మా ఇళ్లెక్కడ?" రంగు ఇంకా కారుతోంది.

"ఇంత చదువు చదివి ఏం లాభం? అక్షరాలు ఒక్కటీ తిన్నగా లేవు," అని ఉమ్మేశాడు.

ఆ పేరు మూడు నెలల కిందట అంటుకుంది. స్కేలు మీద ఆఖరి అంకె పన్నెండు అడుగులు. వరద దాన్ని మింగేశాక, ఏం రాయమంటారని ఫోను చేస్తే, "స్కేలు మీద ఎంతుంటే అంతే రాయవయ్యా, నీకెందుకు బుర్ర?" అన్నాడు పై ఆఫీసు ఇంజనీరు. వరద ఉన్న మూడు రోజులూ ఈయన పన్నెండే వేశాడు. చాలా ఏళ్ల కిందటి పెద్ద వరదకీ పాత పుస్తకంలో పన్నెండే ఉంది. అప్పుడు పల్లపువీధిలో గుమ్మాలు తడిశాయి. ఈసారి పల్లపువీధే లేదు. కాగితానికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? రెండూ ఒకే వరద అంటుంది.

వాతావరణం చెడి నష్టపోయిన వాళ్లకని దేశాలు కలిసి పెట్టిన నిధి ఒకటుంది. వీధి కుర్రకారు దానికి అర్జీ పెడితే, "మునుపెన్నడూ రానంత వరదని రుజువేది?" అని తిప్పికొట్టారు. అప్పటినుంచి పిల్లలు గది ముందు టెంటు వేసుకుని కూర్చున్నారు. ఇవాళ మూడింటికి నిధివాళ్లే స్వయంగా వస్తున్నారు. ఒక్కసారి చూసి ఫైలు మూసేస్తారట.

"పొగ వదిలిందెవరు?" అని మైకులో అరుస్తోంది ఒక పిల్ల.

"వాళ్లు!"

"మునిగిందెవరు?"

"మనం!"

"మునగలేదని రాసిందెవరు?"

"పన్నెండు తాత!"

మైకు పట్టుకున్నది పరాయిపిల్ల కాదు. ఆయన కూతురి కూతురు. ఇల్లు కొట్టుకుపోయాక తల్లీకూతుళ్లు బడిలో ఒక గదిలో, ఇంకో రెండు కుటుంబాలతో సర్దుకుని ఉంటున్నారు. ఆయన ఇంటికి రమ్మంటే రాలేదు. మాటలూ మానేశారు.

టీ కొట్టు దగ్గర ఆగి గ్లాసు కోసం చెయ్యి చాపాడు. "పాలు విరిగాయి," అంటూనే పక్కవాడికి గ్లాసు నిండా పోశాడు కొట్టువాడు. ముసలాయన చాపిన చేతిని జేబులో పెట్టుకుని గదిలోకి వచ్చేశాడు.

గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ, గోడకు ఒక కేలెండరు. ఆ కేలెండరు మరీ కిందికి ఉంటుంది. "తేదీ చూడాలంటే దీనికి దండం పెట్టాలా ఏంటి?" అని ఇంజనీరు కూడా ఎగతాళి చేశాడు. ఈయన నవ్వి ఊరుకున్నాడు. గది గచ్చు సరిగ్గా స్కేలు మీది పన్నెండుకు సమానం. వరద రెండో రోజు మధ్యాహ్నం, ఇదే గదిలో రొమ్ములోతు నీళ్లలో నిలబడి, నీరు ఆగిన చోట గోడకు మేకు కొట్టాడు. కింద పెన్సిలుతో తేదీ, గంట వేశాడు. చూసింది ఎక్కడో ఒకచోట ఉండకపోతే ఆయనకు నిద్ర పట్టదు. నీళ్లు తీశాక దానికి కేలెండరు తగిలించాడు.

చెప్పొచ్చుగా అంటారు. చెప్పేవాడే. ఎవరైనా వచ్చి మర్యాదగా అడిగి ఉంటే ఆ రోజే చెప్పేవాడు. అడగలేదు, ముందే తిట్టారు. తిట్టాక చెబితే తప్పు ఒప్పుకున్నట్టే. ముప్పయ్యొక్క ఏళ్ల పుస్తకాన్ని తన చేత్తోనే అబద్ధం చెయ్యాలి. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. రేపు చూద్దాం, రేపు చూద్దాం అంటూ మూడు నెలల కాగితాలు చింపాడు ఆ కేలెండరులో.

మధ్యాహ్నం కొలతకు దిగుతుంటే వెనక నుంచి బురదముద్ద వచ్చి వీపున తగిలింది. వెనక్కి తిరగలేదు. ఎడమ రొమ్ములో పొద్దుటి నుంచీ ఉన్న నొప్పి భుజానికి పాకింది. మూడు అలలు పోనిచ్చాడు. ఐదే.

మూడింటికి నిధి తరఫున ఒకావిడ వచ్చింది. వెంట ఇంజనీరు. గుమ్మం బయట కుర్రకారు మూగారు. ఆవిడ పుస్తకం తిరగేసింది.

"మా మనిషి పుస్తకంలో ఒక్క కొట్టివేత చూపించండి మేడం," అన్నాడు ఇంజనీరు. "అంత నిక్కచ్చి!"

"అయితే ఇది పాత వరదంతే," అని ఆవిడ పుస్తకం మూసింది.

"అబద్ధం!" అని గుమ్మంలోంచి అరిచింది మనవరాలు. "మా అమ్మ కుట్టుమిషను చెట్టుకొమ్మలో దొరికింది. పన్నెండుకే చెట్టెక్కిందా అది?"

"దానికి కొలత కాగితం ఉందా అమ్మా?"

పిల్ల నోరు తెరిచింది, మాట రాలేదు. మూడు నెలలుగా నోరు మూతపడని పిల్ల. ముసలాయనకు అది చూడటం కష్టమైంది.

"ఒసేయ్, ఆ కేలెండరు తియ్యి," అన్నాడు.

"నువ్వే తీసుకో."

"నా నడుం వంగటం లేదే. తియ్యి."

విసురుగా వచ్చి లాగింది. దారం తెగి కేలెండరు చేతిలోకి వచ్చింది. మేకు, కింద తేదీ, గంట. ఆవిడ గచ్చు మీద మోకాళ్లూని టేపు పెట్టింది. నాలుగడుగుల ఒక అంగుళం.

"ఇది పుస్తకంలో ఎందుకు లేదు?"

"స్కేలు మీద అంకె లేదు."

"అయితే పుస్తకం తప్పని రాసిస్తారా?"

ఇంజనీరు కళ్లెర్రజేశాడు. ముసలాయన కుర్చీలో కూలబడి, వరద పేజీ తీసి, రెండో రోజు మధ్యాహ్నం గడిలో పన్నెండును కొట్టేశాడు. పక్కన పదహారు మీద ఒక అంగుళం అని వేసి సంతకం పెట్టాడు. గీత వంకర పోయింది.

"మేం పరికరాలతో మళ్లీ వస్తాం. ఫైలు మూయటం లేదు. ఈ మేకును ఎవరూ ముట్టుకోకండి," అందావిడ.

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నాడు ఇంజనీరు.

"ఇవాళ సాయంత్రం ఆరుంది కదండీ."

అందరూ పోయాక మనవరాలు కేలెండరు బల్ల మీద కొట్టింది. "మూడు నెలలు ఆ మేకు మీద తేదీలు వేలాడదీశావా? అమ్మ అక్కడ పరాయివాళ్ల మధ్య కొంగు కప్పుకుని పడుకుంటుంటే?"

"మీరు తిట్టారు."

"తిట్టకపోతే చెప్పేవాడివా?"

ఆయన పుస్తకం మూసి, పెన్సిలు చెవి వెనక దోపుకున్నాడు.

ఆరు దాటిన కాసేపటికి, వెలుతురు ఇంకా ఉండగానే, ఆ పిల్ల మళ్లీ వచ్చింది. ముసలాయన ఎనిమిదో మెట్టు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కాళ్లు తొమ్మిదో మెట్టు మీద, ఒళ్లో పుస్తకం. ఆమె పైమెట్టు మీదే ఆగి, మొహం పక్కకు తిప్పుకుని మాట్లాడింది.

"అమ్మ అన్నానికి రమ్మంటోంది. పిలిచేది అమ్మ, నేను కాదు. నాకైతే నీ మొహం చూడబుద్ధి కావటం లేదు."

జవాబు లేదు.

"అలుగు, అలుగు. ఇంత చేసి మళ్లీ అలకొకటి! అన్నం చల్లారిపోతే అమ్మ నన్నే అంటుంది. లే తాతా."

అల వచ్చి ఆయన పాదాల్ని తడిపింది. ఆయన వెనక్కి తీసుకోలేదు. ఇంకో అల వచ్చింది. అప్పుడు దిగింది ఆ పిల్ల మెట్లన్నీ, పడుతూ లేస్తూ. ఆమె కేకలకు ముందు పరిగెత్తుకొచ్చింది టీ కొట్టువాడే. పుస్తకంలో సాయంత్రం ఆరు గంటల గడిలో నాలుగున్నర అని తిన్నగా వేసి ఉంది.

ఆయన్ని టెంటు గుడ్డలో పెట్టి, గోడ మీది ఎర్ర అక్షరాల ముందు నుంచే మోసుకుపోయారు. మర్నాడు ఉదయం ఆరింటికి నది ఎంతుందో ఎవరూ రాయలేదు. గది తలుపు తెరిచే ఉంది. లోపల గోడకు ఆ మేకు, దానికి తెగిన కేలెండరు దారం ముక్క వేలాడుతూ ఉంది.