ఎడమ చుట్టు

ఆ చొక్కా ఖరీదైనదే. చేతులు అంగుళం కురచ చెయ్యమని ఇచ్చిపోయాడు దాని యజమాని. "సాయంత్రానికి కావాలి. ఆడదర్జీలు మాటమీద నిలబడరంటారు, చూద్దాం" అని వెళుతూ వెళుతూ ఓ చురక కూడా అంటించాడు. దుకాణంలో ఒంటరిగా పనిచేసే అక్కకి ఇలాంటివి కొత్త కాదు. "మగదర్జీల దగ్గర సాగకేగా నా గుమ్మం ఎక్కావు" అని అతను మెట్లు దిగాక గొణుక్కుని, ముంజేతి గుండీ తియ్యడానికి బ్లేడు అందుకుంది.

గుండీ కింద దారం చూసి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మంచి చొక్కాలకి గుండీ చేత్తో కుడతారు. కుట్టాక, గుడ్డకీ గుండీకీ మధ్య దారాన్ని కాడలాగా చుట్టి ముడేస్తారు. దర్జీలందరూ కుడివైపుకే చుడతారు. అక్కది ఎడమచేతి వాటం కాబట్టి ఎడమవైపుకి చుడుతుంది. చెల్లెలిది కుడిచెయ్యే. కానీ పదేళ్లప్పుడు అక్క పక్కన చేరి ఆ చేతుల్నే చూస్తూ నేర్చుకుంది కదా, కుడిచేత్తో ఎడమ చుట్టు చుట్టేది. తప్పు అని ఎన్ని మొట్టికాయలు వేసినా మానలేదు. పైగా మూడు చుట్లు చాలినచోట నాలుగు చుట్టేది. "దారమేమన్నా మీ మామగారు పంపించాడటే?" అని అక్క కసిరితే, "మూడు గుండీకి, నాలుగోది నీకు" అని పళ్లికిలించేది.

ఈ గుండీకి ఎడమవైపు చుట్లు నాలుగు. అక్క చొక్కా అంతా తిరగేసింది. అన్ని గుండీలూ అంతే.

రెండేళ్ల ఏడు నెలలుగా ఉలుకూ పలుకూ లేని చెల్లెలు బతికే ఉంది. ఎక్కడో కూర్చుని గుండీలు కుడుతోంది. అక్క ఆ చొక్కాని మొహానికి అదుముకుని, దుకాణం తలుపులు బార్లా తీసి ఉన్నాయన్న సోయి కూడా లేకుండా ఏడ్చింది.

ఇక్కడ ఒక సంగతి ఉంది. అక్క దాన్ని అందరి దగ్గరా దాచింది గానీ నేను దాచను. చెల్లెల్ని తీసుకెళ్లినావిడని వీధిలో తేనెమాటలామె అనేవాళ్లు. పెద్ద కుట్టు కార్ఖానా, రోజుకి ఎనిమిది గంటల పని, తిండీ పడకా వాళ్లదే, ఆదివారం ఆదివారం ఫోను. ఇదంతా ఈ దుకాణంలోనే, అక్క ఎదురుగానే చెప్పింది. చెల్లెలు బెదిరి, "నువ్వు చెప్పు అక్కా, వెళ్లనా?" అంది. అక్క వెంటనే చెప్పలేదు. మర్నాడు తేనెమాటలామె ఒక కుట్టుమిషను పంపించింది, కొత్తది, మోటారుది. "మీ చెల్లి మా మనిషైంది కదమ్మా, మీకో కానుక" అంది. అప్పుడు చెప్పింది అక్క, వెళ్లమని. ఆదివారాలు గడిచాయి, ఫోను రాలేదు. తేనెమాటలామె పత్తా లేదు. మిషను మాత్రం చక్కగా తిరుగుతోంది. ఆ చొక్కా చేతులు కుట్టాల్సింది కూడా దానిమీదే.

అక్క చొక్కా పట్టుకుని పోలీసుస్టేషనుకి పరిగెత్తింది. "గుండీ చూసి కేసు పెట్టమంటావా అమ్మా? రేపు కాలరు చూసి ఖూనీ అంటావు" అని నవ్వాడు అక్కడి హెడ్డు. నవ్వడూ మరి, వాడి చెల్లెలు కాదుగా! అక్క ఊరుకోలేదు. కోర్టు వరండాలో, ఫీజు తీసుకోకుండా కేసులు చూసే ప్లీడరమ్మ ఒకావిడ ఉంటే ఆవిడ కాళ్లమీద పడినంత పని చేసింది. పెద్దావిడ, మాటకి ముందొక దగ్గు, మాట తర్వాతొక దగ్గు. కళ్లజోడు నుదుటిమీదికి నెట్టి గుండీలన్నీ ఒక్కొక్కటే చూసింది. నవ్వలేదు.

చొక్కా కాలరు లోపలి పట్టీమీది పేరు పట్టుకుని కొట్టు, కొట్టుని పట్టుకుని కార్ఖానా. ప్లీడరమ్మ దగ్గుతూనే పెద్ద పోలీసాఫీసరుని కదిలించింది. పన్నెండో రోజున తలుపు పగలగొట్టారు. బయటినుంచి తాళం. కిటికీ అద్దాలకి నల్లరంగు. లోపల పదకొండు మంది ఆడవాళ్లు, వాళ్ల గుర్తింపు కాగితాలన్నీ యజమాని ఇనప్పెట్టెలో. పదకొండులో ఒకతె చెల్లెలు. వారం తిరక్కుండా తేనెమాటలామె కూడా దొరికింది.

అక్క కొత్త జాకెట్టొకటి కుట్టుకుని, తల దువ్వుకుని, ఆ ఆడవాళ్లని ఉంచిన వసతి గృహానికి వెళ్లింది. వార్డెనమ్మ కుర్చీ వేసింది, మంచినీళ్లు ఇచ్చింది, లోపలికెళ్లి వచ్చింది.

"మిమ్మల్ని చూడనంటోందమ్మా."

"ఎవరనుకుందో ఏమో! అక్క వచ్చిందని చెప్పండి."

"అలాగే చెప్పాను."

"నా చెల్లెలమ్మా అది! చంక దించకుండా పెంచాను దాన్ని. గుండీ పట్టుకుని వెతికి తెచ్చాను. నన్ను చూడననడమేంటి?"

వార్డెనమ్మ గొంతు పెంచలేదు. "డాక్టరు, వకీలు, తలుపేసిన గదిలో వాంగ్మూలం, ఇవన్నీ చట్టం ఆ పిల్లకిచ్చిన హక్కులు. ఎవర్ని చూడాలి, ఎవర్ని వద్దనాలి అన్నది కూడా ఆ పిల్లదే. ఇన్నాళ్లూ వద్దు అనే మాట ఒక్కటీ చెల్లలేదు కదమ్మా ఆ పిల్లకి. ఇక్కడన్నా చెల్లనివ్వండి."

అక్క లేచింది. ఒంటిమీది జాకెట్టుకి పైన వేసుకున్న ఉన్ని కోటు విప్పింది. దానికి పైగుండీ ఊడిపోయి నెలైంది. కోటూ, గుండీ, సూదీ దారం కలిపి పొట్లం కట్టి, "ఇది దానికివ్వండి. కుడితే కుడుతుంది" అని ఇచ్చి వచ్చేసింది. ఆ గుండీ ఊడిన చోటు చెల్లెలి చేతికి తగిలితే మనసు కరుగుతుందని ఆమె ఆశ. పిచ్చి మొహం!

ఆ సాయంత్రం ప్లీడరమ్మ కబురు చేసి పిలిపించింది.

"మీ చెల్లి వాంగ్మూలం ఇచ్చింది. లోపల జరిగిందంతా చెప్పింది. కానీ ఎవరు పంపారు అంటే, ఎవరూ పంపలేదు, నా అంతట నేనే వెళ్లానంది."

అక్క తల వంచుకుంది. చూడనన్న పిల్ల తన పేరు బయటికి రానివ్వలేదు. అది తెలిసేసరికి గోరుచుట్టు మీద రోకటిపోటులా తగిలింది.

"అవతలి లాయరు దాన్నే పట్టుకున్నాడు, ఇష్టపడి వచ్చిందని." ప్లీడరమ్మ దగ్గి ఆగింది. "మోసపుచ్చి పుట్టించిన ఇష్టం ఇష్టమే కాదంటుంది చట్టం. కానీ ఆ మోసం ఏమిటో చెప్పేవాళ్లు కావాలి కదా. ఆవిడ ఆ మాటలు చెప్పినప్పుడు పక్కన ఎవరున్నారు?"

అక్క తల ఎత్తింది.

"నేనున్నాను మేడం" అంది అక్క. ఆ తర్వాత మిషను సంగతి చెప్పేసింది.

ప్లీడరమ్మ కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది. "చూడమ్మా, ఇది కోర్టులో చెబితే నిన్నూ ముద్దాయిని చెయ్యొచ్చు. నిన్ను బలవంతపెట్టను. ఇంటికెళ్లి ఆలోచించుకో."

"రెండేళ్లనుంచీ దానిమీదే కుడుతున్నాను మేడం. ఆలోచించడానికింకా ఏముంది?"

కోర్టులో తలుపులు వేశారు. చెల్లెలు కూర్చున్న వైపు ఒక తెర కట్టారు, నిందితుల మొహాలు ఆమె చూడనక్కర్లేకుండా. తెర కింద రెండు పాదాలు కనిపించాయి. వాచి ఉన్నాయి. అక్క వాటినే చూస్తూ అన్నీ చెప్పింది. ఎనిమిది గంటల పని, ఆదివారం ఫోను, నువ్వు చెప్పు అక్కా అన్న మాట.

అవతలి లాయరు లేచాడు. "మీరెందుకు పంపారు? ఊరికేనా?"

"కుట్టుమిషను ఇచ్చింది."

"అంటే చెల్లెల్ని అమ్ముకున్నారన్నమాట!"

ప్లీడరమ్మ అభ్యంతరం అంటూ లేచింది. అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"అప్పుడు అలా అనుకోలేదు బాబూ. కార్ఖానా ఎక్కడ, పేరేంటి అని అడగాల్సింది, అడగలేదు. అడిగితే మిషను వెనక్కి పట్టుకుపోతారేమోనని భయపడ్డాను. అంతే నిజం."

తెర వెనక పాదాలు కుర్చీ కిందికి జరిగాయి. వెక్కిళ్లు వినిపించాయి, ఆడపోలీసు మంచినీళ్లు తీసుకెళ్లింది. అక్కకి లేచి వెళ్లి ఆ పాదాలు పట్టుకోవాలనిపించింది. తెర దాటే హక్కు తనకి లేదని కూర్చుండిపోయింది.

తేనెమాటలామెకీ యజమానికీ శిక్ష పడింది. పదకొండు మందికీ పరిహారం వచ్చింది. అక్కని సాక్షిగానే ఉంచి జడ్జి మందలించి వదిలేశాడు. మిషనుని సాక్ష్యంగా కోర్టు ఉంచేసుకుంది. ఆమె మళ్లీ చేత్తో కుట్టుకుంటోంది.

తీర్పు వచ్చిన నాలుగో రోజున వార్డెనమ్మ పిలిపించింది. "మీ చెల్లి వెళ్లిపోయిందమ్మా. వేరే ఊళ్లో పని చూసుకుంది. ఎక్కడికని అడక్కండి, చెప్పొద్దంది." అంటూ ఒక పొట్లం చేతిలో పెట్టింది.

కోటు. పైగుండీ కుట్టి ఉంది.

అక్క వసతి గృహం మెట్లమీదే కూలబడి గుండీ కింద వేలు పెట్టి చూసింది. దారం కుడివైపుకి చుట్టి ఉంది, లోకంలో దర్జీలందరూ చుట్టినట్టే. చుట్లు లెక్కపెట్టింది. మూడు. మళ్లీ లెక్కపెట్టింది. మూడే.

ఇక చెల్లెలు ఎన్ని చొక్కాలు కుట్టినా అక్కకి తెలియదు. అయినా దుకాణానికి వచ్చిన ప్రతి చొక్కానీ, బేరం కుదిరినా కుదరకపోయినా, ఒకసారి తిరగేసి చూసే ఇస్తుంది.