లోపలి వైపు గడియ

నేను ఒక ఇనుప గడియను. జానెడు పొడవు, బొటనవేలంత లావు. తాళానికున్న హోదా నాకు లేదు. తాళానికి ఒక యజమాని ఉంటాడు, అతని మొలలో తాళంచెవి ఉంటుంది. నేను మాత్రం ఎవరు తోస్తే వాళ్ళ మాట వినాలి. పుట్టుకతో వచ్చిన ఈ బతుకంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంటే.

వేటపాలెంలో ఒక కమ్మరి నన్ను సాగగొట్టాడు. ప్రతి దెబ్బకీ ముందు ఎవరినో తిట్టుకునేవాడు. ఆ కోపం కొంత నాలో ఉండిపోయిందని నా అనుమానం. మొదటి కొలువు జీడిపప్పు గోదాములో, పదకొండేళ్ళు. బయట దొంగలు, లోపల సరుకు, మధ్యలో నేను. ఎవరి తరఫున ఉన్నానో నాకు బాగా తెలిసేది. గోదాము పడగొట్టాక పాత ఇనుము కొట్లో మేకుల మధ్య కొన్నాళ్ళు పడి ఉన్నాను. అక్కడినుంచి చీరాల దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న ఒక ఆశ్రమం వాళ్ళు కొనుక్కుపోయారు.

అది కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేనివాళ్ళూ, మాట సరిగా రానివాళ్ళూ ఉండే చోటు. ఇరవై ముగ్గురు, అందరూ పెద్దవాళ్ళే. కొందరికి మీసాలు నెరిశాయి. అయినా దాన్ని నడిపే కృపామణి గారు అందరినీ 'పిల్లలు' అంటారు. మిషను నుంచి దాతలొచ్చినా, పుట్టినరోజు భోజనాలు పెట్టేవాళ్ళు వచ్చినా 'మా పిల్లలు' అనే చూపిస్తారు. ప్రేమతోనే అంటారు. ఆ ప్రేమ ఎదిగినవాళ్ళకి చిన్నప్పటి చొక్కాలా బిగుసుకుంటుందని ఆవిడకి తోచలేదు.

నన్ను ఐదో గది తలుపుకి బిగించారు, బయటి వైపున. ఆ గది నాంచారమ్మది. నలభై ఏళ్ళ మనిషి. మగ్గాల ఇంట్లో పుట్టింది. కాళ్ళు లేవవు, వేళ్ళు ముడుచుకుని ఉంటాయి, మాట ఒక్కొక్కటే కూడబలుక్కుని వస్తుంది. ఆ ఆలస్యానికి ఓపిక లేనివాళ్ళు ఆమె వాక్యాన్ని వాళ్ళే పూర్తి చేసేస్తారు, అదీ తప్పుగా. అన్నం కావాలని చెప్పటం మొదలుపెడితే మంచినీళ్ళు తెచ్చిస్తారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయాలు నడుం వాలుస్తారు. ఆ రెండు గంటలూ అన్ని గదులకీ బయట గడియ పెట్టాలని నియమం. కృపామణి గారిని పూర్తిగా తప్పు పట్టలేను. నేను రావటానికి కొంచెం ముందు ఒకతను ఎవరూ చూడకుండా రోడ్డు మీదికి వెళ్ళి లారీ కింద పడ్డాడు. ఆవిడ నెల రోజులు సరిగా అన్నం తినలేదట. కానీ నాంచారమ్మ రోడ్డు దాకా ఎలా పోతుంది? చక్రాల కుర్చీ వరండా చివర మెట్ల దగ్గర ఆగిపోతుంది. అయినా గాడిదకీ గుర్రానికీ ఒకటే గాటన్నట్టు ఆమెకీ గడియే. సరుకుకి కాపలా ఉన్నప్పుడు నేను దర్జాగా నిలబడ్డాను. మనిషిని లోపల పెట్టి మూసినప్పుడు నాకు సిగ్గేసింది.

నన్ను ఆదుకున్నది ఉప్పుగాలి. ఆర్నెల్లు తిరక్కుండానే తుప్పుపట్టాను. ఆయా ఎంత తోసినా చివరి అంగుళం పోను. నా కొస చౌకట్టు రంధ్రంలో అంటీ ముట్టనట్టు ఉండేది. ఆయా వెళ్ళాక నాంచారమ్మ కుర్చీ కాలిపలకతో తలుపుని రెండు పోట్లు పొడిచేది. నేను జారిపోయేవాణ్ణి. ఆమె వరండాలోకి వచ్చి, సరుగుడు చెట్ల వెనక సముద్రాన్ని చూస్తూ కూర్చునేది. అందరూ లేచేలోగా తిరిగి లోపలికి పోయేది. మూడేళ్ళు సాగింది మా ఒప్పందం. చెడ్డ గడియగా ఉండటమే నా జీవితంలో నేను చేసిన మంచి పని.

లోపలి వైపున మాత్రం ఏ గడియా లేదు. ఒకసారి ఆయా ఆమెకి చీర మారుస్తుండగా, కేకు పట్టుకుని ఒక దాతల కుటుంబం తలుపు లాగి లోపలికి వచ్చేసింది. "పరవాలేదు రండి, మన పిల్లే" అన్నారు కృపామణి గారు. నాంచారమ్మ కేకు తినలేదు. మొహం గోడకి తిప్పుకుని చీకటి పడేదాకా అలాగే ఉంది.

ఆ వేసవిలో తెనాలి నుంచి ఒక చర్చి బృందం వారం రోజుల సేవకని వచ్చింది. పద్నాలుగు మంది, అందరికీ ఒకే రంగు బనీన్లు. గోడలకి రంగులేశారు, గోళ్ళు కత్తిరించారు, పాటలు పాడారు. అడగనివాళ్ళకి కూడా క్షవరం చేశారు. వాళ్ళలో ప్రసంగి అని ఒక వడ్రంగి ఉన్నాడు. యాభై దాటినవాడు, పాట రాదు, మాట తక్కువ. కనబడిన ప్రతి వదులు బందునీ బిగిస్తూ తిరిగేవాడు. నా దగ్గరికొచ్చి జాలిపడ్డాడు. తుప్పు గీకాడు, వంకర తీశాడు, నూనె పోశాడు, రంధ్రాన్ని ఉలితో సరిచేశాడు. ఒక్క వేలితో తోస్తే మొదలంటా దిగిపోయాను. అతను మురిసిపోయాడు. నేను లోలోపల ఏడ్చాను.

మర్నాడు మధ్యాహ్నం నాంచారమ్మ రెండు పోట్లు పొడిచింది. నేను కదల్లేదు. మూడు, నాలుగు, పది. తర్వాత పిడికిళ్ళతో బాదింది. వరండాలో రంగు పూస్తున్న ప్రసంగి పరుగెత్తుకొచ్చి గడియ తీశాడు. తన పనితనం చూపిద్దామని నన్ను అటూ ఇటూ ఆడించి నవ్వాడు కూడా. ఆమె ఏదో చెప్పబోయింది. అతను కుంచె కింద పెట్టి నేల మీద కూర్చున్నాడు. వాక్యం పూర్తయ్యేదాకా నోరు తెరవలేదు. ఆ ఇంట్లో అలా ఆగిన మనిషిని నేను అదే మొదటిసారి చూశాను.

"నువ్వు బాగుచేసింది... నన్ను మూసే గడియని, అన్నా."

అతని మొహం పాలిపోయింది. ఏం చేయమంటావమ్మా అని అడిగాడు. ఆమె ముడుచుకున్న చేత్తో నన్ను చూపించి, తర్వాత లోపలి వైపు చూపించింది.

అతను కృపామణి గారి దగ్గరికి వెళ్ళాడు, ఆమెని కూడా కుర్చీలో తీసుకుని. ఆవిడ ససేమిరా అన్నారు. లోపల గడియ పెట్టుకుని పడిపోతే ఎవరు చూస్తారు, రేపు నలుగురికీ జవాబు చెప్పాల్సింది నేనే కదా అన్నారు. నాంచారమ్మ చాలాసేపు కూడబలుక్కుంది.

"పడితే పడతాను. నా గదిలో నేను పడతాను. కానీ నేను చీర మార్చుకునేటప్పుడు... ఊరంతా రావటానికి వీల్లేదు."

అయినా ఆవిడ అనుమతి ఇవ్వలేదు. బృందాన్ని తీసుకొచ్చిన పాస్టరుగారేమో మనం వచ్చింది సేవకి, తగువుకి కాదని ప్రసంగిని మందలించారు. ప్రసంగి తల వంచుకుని విన్నాడు. తల వంచినవాళ్ళందరూ ఒప్పుకున్నట్టు కాదు.

చివరి రోజు పొద్దున్నే, మిగతావాళ్ళు ప్రార్థనలో ఉండగా, నా మరలు ఊడదీశాడు. లోపలి వైపు, ఆమె కుర్చీలో కూర్చుంటే మోచేతికి అందే ఎత్తులో బిగించాడు. విరిగిన కుర్చీ కాలు కోసి నా పిడికి గుండ్రటి కొయ్యబుడిపె తొడిగాడు, వేళ్ళతో పని లేకుండా పిడికిలితో తొయ్యటానికి. కృపామణి గారి భయాన్నీ అతను మరిచిపోలేదు. ఆపద వస్తే బయటినుంచి సన్నటి రంపపు బ్లేడుతో నన్ను జరపటానికి వీలుగా తలుపులో చీలిక పెట్టి, ఆ బ్లేడుని ఆఫీసు గదిలో మేకుకి తగిలించి వచ్చాడు. నాంచారమ్మ పిడికిలితో నన్ను తోసింది. తీసింది. మళ్ళీ తోసింది. నవ్వుతూనే ఏడ్చింది.

పదిగంటలకి వీడ్కోలు సభ. కొత్త రంగులేసిన గదులు చూపించటానికి పాస్టరుగారు, దాతలు, ఫోటోగ్రాఫరు వరసగా వచ్చారు. ఐదో గది తలుపుకి రిబ్బను కూడా కట్టారు. కత్తిరించాక కృపామణి గారు తలుపు లాగారు. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగారు. నేను జీడిపప్పు గోదాము నాటి దర్జాతో నిలబడ్డాను.

ఆవిడ ప్రసంగి వంక చూశారు. విషయం అర్థమైంది. కోపంతో మొహం ఎర్రబడింది. ఆఫీసు గదిలో బ్లేడుందని అతనే చెప్పాడు. "కానీ ఇప్పుడు ఆపదేం రాలేదు గదండీ. ఒకసారి తలుపు తట్టి చూడండమ్మా" అన్నాడు.

అందరూ చూస్తున్నారు. ఆవిడ చెయ్యి సగం దూరం వచ్చి ఆగింది. పదిహేనేళ్ళుగా ఆ ఇంట్లో ఆవిడ తట్టిన తలుపు లేదు. చివరికి రెండుసార్లు, మెల్లగా తట్టారు.

"ఎవరూ?"

ఒక్క మాటే. దాన్ని కూడబలుక్కోవలసిన పని లేకపోయింది.

"నేను... కృపామణిని. లోపలికి రావచ్చా, నాంచారమ్మా?"

"చీర... మార్చుకుంటున్నా. ఆగండి."

ఆగారు. పాస్టరుగారు గడియారం చూసుకున్నారు. ఫోటోగ్రాఫరు కెమెరా దించాడు. ఎండ వరండాలోకి జరిగి వాళ్ళ కాళ్ళ మీద పడింది, అయినా ఒక్కరూ కదల్లేదు.

అసలు సంగతి నాకొక్కడికే తెలుసు. ఆమె తెల్లవారుజామునే నేత చీర కట్టించుకుని తయారై ఉంది. నా బుడిపె మీద పిడికిలి ఆనించి, తలుపు అవతల నిశ్శబ్దాన్ని వింటూ ఊరికే కూర్చుంది. నన్ను తియ్యమని ఎవరూ తొందరపెట్టలేదు. నాకూ తొందర లేదు.