ముందు నేల, తర్వాత ఆకాశం

మూడు కాళ్ల స్టాండు కనబడితే చాలు, పూల్‌సింగ్‌కు ఒళ్లంతా కారం రాసినట్టు మండుతుంది. మండదా మరి? మూడేళ్ల క్రితం అడవి ఆఫీసు నుంచి ఒకాయన అలాంటి స్టాండే తెచ్చి, అతను పోడు కొట్టుకుని సాగు చేస్తున్న నాలుగెకరాలకూ నాలుగు మూలల నుంచీ ఫొటోలు తీసుకుపోయాడు. పట్టా లేని భూమి, ఆ ఫొటోలే కేసయ్యాయి. పద్నాలుగు రోజులు జైల్లో ఉండి వచ్చేసరికి రెండెకరాల్లో పత్తి పీకేసి టేకు మొక్కలు నాటారు, పక్కనే కందకం తవ్వారు. కందకానికి ఇవతల మిగిలింది రెండెకరాలు. అది కూడా పోతే అతనూ భార్య మోతీ అశ్వారావుపేట పోయి ఆయిల్‌పామ్ గెలలు మోసుకు బతకాల్సిందే.

దసరా రోజు పొద్దు గూకే వేళ కంచెకు ముళ్లకంప కొడదామని గొడ్డలి పట్టుకుని చేనుకు వచ్చాడు. గట్టు మీద స్టాండు. స్టాండు మీద కెమెరా. దాని వెనక ఖాకీ రంగు జేబుల కోటు వేసుకున్న కుర్రవాడు వంగి చూస్తున్నాడు.

ఆ కుర్రవాడి పేరు అద్నాన్, ఏన్కూరులో ఫొటో స్టూడియో ఉంది. చీకటి పడగానే ఊరి గ్రౌండులో రావణుణ్ని కాల్చి పటాకులు పేలుస్తారు, ఉత్సవ కమిటీకి క్యాలెండరు మీదికి ఆ ఫొటో కావాలి. దగ్గర నుంచి తీస్తే పొగ తప్ప ఏమీ రాదు. చెట్టు అడ్డం లేకుండా ఊరంతా కనబడే మెరక చుట్టుపక్కల ఈ చేనొక్కటే. ఇదంతా పూల్‌సింగ్‌కు తర్వాత తెలిసింది. తర్వాత తెలిసి ఏం లాభం!

"ఏం తీస్తున్నవ్?" అని అడిగాడు.

"పటాకులు అన్నా," అన్నాడు అద్నాన్ నవ్వుతూ. ఆకాశంలో ఒక్క మెరుపు లేదు. కెమెరా చూస్తే పత్తి సాళ్ల మీదుగా ఊరి వైపు తిరిగి ఉంది.

"మరి గది నా చేను మీదికెందుకున్నది?"

"వెలుతురుండంగనే ముందు నేల ఫొటో తీస్తం అన్నా. చీకటి పడ్డంక ఆకాశం. తర్వాత రెండూ కలుపుతం."

నిజమే చెప్పాడు పిచ్చివాడు. పని గురించి ఎవరైనా అడగడమే మహాభాగ్యమన్నట్టు సంబరంగా చెప్పాడు. ఆ సంబరం పూల్‌సింగ్‌కు ఎగతాళిలా తోచింది. గొడ్డలి తిరగేసి కర్రతో మోచేతి మీద కొట్టాడు. ఎముక విరిగింది. అద్నాన్ అరుస్తూ సాళ్ల మధ్య పడ్డాడు. కెమెరా మాత్రం టక్కుమంది.

పది సెకన్లకోసారి దానంతటదే తీసేలా పెట్టి ఉంచాడని పూల్‌సింగ్‌కేం తెలుసు? రెండో చెయ్యి జేబులో పెట్టి ఏదో మీట నొక్కుతున్నాడనుకుని దాన్నీ విరగ్గొట్టాడు. మళ్లీ టక్కుమంది. కెమెరా పగలగొడితే ఇంకోటి తెస్తాడు, చేతులు పోతే ఎక్కడి నుంచి తెస్తాడు? పక్కటెముకల మీద తన్నాడు, మూతి మీద తన్నాడు. పళ్లూ నెత్తురూ కలిసి మట్టిలో పడ్డాయి. తనకింత కసి ఉందని పూల్‌సింగ్‌కే తెలియదు. కొడుతుంటే హాయిగా ఉంది, ఆ మాట దాచడమెందుకు.

అప్పటికి చీకటి పడింది. ఊరి వైపు ఢాం అంది. ఆకుపచ్చగా, ఎర్రగా ఆకాశమంతా విచ్చుకుంది. ఆ వెలుగులో కింద పడ్డవాడి మొహం కనబడింది. ఒక కన్ను మూసుకుపోయింది. రెండో కంటితో అటే చూస్తున్నాడు.

"గవే అన్నా," అన్నాడు. "గవి తీద్దామనే వచ్చిన."

పూల్‌సింగ్ చేతిలోంచి గొడ్డలి జారిపోయింది.

కేకలు విని అన్న మంగీలాల్, వెనకే మోతీ పరుగెత్తుకొచ్చారు. మంగీలాల్‌కు సంగతి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"దవాఖానకు తీస్కపోతే కేసైతది. నువ్వు లోపటికి పోతవ్, చేను అడవి ఆఫీసోళ్ల చేతులకు పోతది. కందకంల ఏద్దాం. వాని మోటర్‌బండి గూడ ఏద్దాం, చీకట్ల పడ్డడనుకుంటరు."

అందులో అబద్ధం లేదు. పూల్‌సింగ్ ఆలోచించాడు కూడా. అన్న కాళ్లు పట్టుకుని ఈడుస్తుంటే చూస్తూ నిలబడ్డాడు. విరిగిన చేతులు మట్టిలో రాసుకుపోతుంటే అద్నాన్ అమ్మీ అని అరిచాడు. అప్పుడు కదిలాడు. కింద పడ్డ గొడ్డలి కర్రతోనే అన్న వీపు మీద కొట్టాడు, వదిలేదాకా కొట్టాడు. మోతీ కొంగు చింపి చేతులకు కట్టుకట్టింది. మొగుడూ పెళ్లాలిద్దరూ అద్నాన్‌ను అతని బండి మీదే మధ్యలో కూర్చోబెట్టుకుని దవాఖానాకు తీసుకుపోయారు. కెమెరా సంగతి ఎవరికీ గుర్తు లేదు.

మర్నాడు పోలీసులొచ్చి పూల్‌సింగ్‌నూ, కెమెరానూ తీసుకుపోయారు. అద్నాన్ బతికాడు. కానీ చేతులు మునుపటిలా వస్తాయో లేదో చెప్పలేమన్నారు డాక్టర్లు.

స్టేషన్లో ఎస్సై కంప్యూటరు మీద ఫొటోలు ఒక్కొక్కటే చూపించాడు. పొద్దు వాలిన వెలుగులో పత్తి చేను, సాలు సాలూ లెక్కపెట్టొచ్చు. పక్కనే కందకం, దాని అవతల టేకు మొక్కలు. కర్ర ఎత్తిన పూల్‌సింగ్. చివర్న ఆకాశం నిండా పటాకులు, కింద పత్తిలో పడి ఉన్న మనిషి. తన చేను ఇంత బాగుంటుందని పూల్‌సింగ్ ఎన్నడూ అనుకోలేదు. ఏడుపొచ్చింది. కొట్టకపోతే ఇవి కమిటీ వాళ్ల దగ్గరికి పోయేవి. తనే కొట్టి కొట్టి ఈ బల్ల మీదికి తెచ్చాడు.

ఎస్సై కబురు పెడితే వచ్చి పక్క కుర్చీలో కూర్చున్న అడవి ఆఫీసాయన కాగితాలు తీసి, ఈ పత్తి ఎవరిదని అడిగాడు.

"పత్తి నాదే సారూ," అన్నాడు పూల్‌సింగ్. "కొట్టింది గూడ నేనే. కాయ పగిలింది, ఏరుకునేదాంక ఆగున్రి."

ఆయన పత్తి నాదే అన్న మొదటి రెండు మాటలే రాసుకున్నాడు.